పికప్‌కి కొత్త టైర్లు: ట్రెడ్ కన్నా ముందు చదవాల్సింది సైడ్‌వాల్

ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఉన్నవాళ్లకి మొదటి సెట్ టైర్లు అరిగే వేళకి రెండు కోరికలు ఒకేసారి పుట్టుకొస్తాయి. బండి ఇంకాస్త ఎత్తుగా, మోటుగా కనపడాలి. వానాకాలంలో పొలం దారిలో దిగబడకూడదు. షాపులో పెద్ద పెద్ద గడ్డలున్న మడ్ టైరు చూడగానే రెండూ ఒక్క దెబ్బకి తీరిపోతాయనిపిస్తుంది. చాలామంది అక్కడికక్కడే డబ్బు కట్టేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి హైవే మీద చెవులు హోరెత్తుతుంటాయి, తడి తారు రోడ్డు మీద బ్రేక్ వేయాలంటే టెన్షన్, డీజిల్ ఖర్చు పెరిగిపోయి ఉంటుంది. మార్చుకుందామంటే మళ్లీ అంత డబ్బూ పెట్టాలి.

టైరుని ట్రెడ్, అంటే నేలని తాకే గాడుల భాగం, చూసి ఎంచుకోవడం వల్లే ఇలా జరుగుతుంది. పికప్ విషయంలో వరుస వేరుగా ఉండాలి. ముందు బరువు, తర్వాత సైజు, ఆ తర్వాత బండి నిజంగా తిరిగే దారులు. ఈ మూడూ తేలాక ట్రెడ్ ఏదన్నది దాదాపు దానంతటదే తేలిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ తరగతి బండ్లు ఇప్పుడు బాగానే కనపడుతున్నాయి. ఐసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ అయితే శ్రీసిటీలోనే తయారవుతుంది. ఆ కర్మాగారం 2016లో మొదలైంది. టయోటా హైలక్స్ 2022లో మన దేశంలోకి వచ్చింది. వీటికి ముందే మహీంద్రా స్కార్పియో గెట్‌అవే, టాటా జెనాన్ వచ్చాయి. రొయ్యల చెరువుల గట్ల మీద, మామిడి తోటల్లో, క్వారీల్లో, కాంట్రాక్టు పనుల దగ్గర తిరిగేవి కొన్ని. వారమంతా హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఉండి శని, ఆదివారాలు మారేడుమిల్లికో అరకుకో వెళ్లేవి కొన్ని. బండి ఒకటే, టైరు సైజు కూడా ఒకటే. అయినా చెరువు గట్టు బండికి నప్పిన టైరు ఐటీ కారిడార్ బండికి నప్పదు.

112S అంటే ఏమిటి

హైలక్స్‌కి వచ్చే సైజుల్లో ఒకటి 265/65 R17. దాని పక్కనే 112S అని ఉందనుకుందాం. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు, అంటే దాదాపు 172 మి.మీ. R అంటే రేడియల్. 17 రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ఇంతవరకూ అందరూ చూస్తారు. షాపువాళ్లు అడిగేది కూడా ఇంతే.

ఎవరూ అడగని ఆ 112S లోనే పికప్ యజమానికి కావాల్సిన సంగతి ఉంది. 112 లోడ్ ఇండెక్స్. తయారీదారు చెప్పిన గాలి ఉన్నప్పుడు ఆ టైరు గరిష్ఠంగా 1,120 కిలోలు మోస్తుందని దాని అర్థం. S స్పీడ్ రేటింగ్, గంటకు 180 కి.మీ. వరకు. మన దారుల్లో స్పీడ్ రేటింగ్ పెద్ద సమస్య కాదు. మడ్ టైర్లలో చాలావాటికి ఉండే Q రేటింగ్ కూడా 160 వరకు అనుమతిస్తుంది. ఇబ్బంది అంతా లోడ్ ఇండెక్స్ దగ్గరే.

ఈ అంకెలు చూడ్డానికి పక్కపక్కనే ఉన్నా బరువులో తేడా ఎక్కువ. 100 అంటే 800 కిలోలు, 108 అంటే 1,000, 112 అంటే 1,120, 116 అంటే 1,250. ఒకే 255/60 R18 సైజులో 108 ఇండెక్స్ టైరూ దొరుకుతుంది, 112 టైరూ దొరుకుతుంది. రెండూ ఒకే రిమ్ మీద కూర్చుంటాయి, పక్కపక్కన పెడితే ఒకేలా కనపడతాయి. కానీ ఒక ఇరుసు మీద రెండు టైర్లు కదా, అక్కడ తేడా 240 కిలోలు అవుతుంది. ఎస్‌యూవీకి ఈ తేడా పెద్దగా పట్టకపోవచ్చు. పికప్‌కి వెనక తొట్టిలో పది సిమెంటు బస్తాలు వేస్తే 500 కిలోలు, ఆ బరువులో అత్యధిక భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. వెనక ఆకు స్ప్రింగులు పెట్టింది ఆ బరువు కోసమే. స్ప్రింగు మోసినా టైరు మోయలేకపోతే లాభం లేదు.

కాబట్టి షాపుకి వెళ్లే ముందు డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీద ఉన్న స్టిక్కర్‌ని, ఇప్పుడున్న టైరు సైడ్‌వాల్‌ని ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. బండికి ఫ్యాక్టరీ ఇచ్చిన లోడ్ ఇండెక్స్ కన్నా తక్కువది, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే, తీసుకోకూడదు. ఎక్కువది తీసుకుంటే నష్టం లేదు.

ఎక్కువది అనగానే ఎల్‌టీ టైర్ల సంగతి వస్తుంది. సైజు ముందు LT అని ఉంటే అది లైట్ ట్రక్కుల కోసం చేసిన టైరు. దాని మీద ఇండెక్స్ రెండు అంకెలుగా ఉంటుంది, ఉదాహరణకు 121/118. మొదటిది ఇరుసుకి ఒక్కో వైపు ఒక్క టైరే ఉన్నప్పుడు, అంటే 1,450 కిలోలు. రెండోది జంట టైర్లు ఉన్నప్పుడు ఒక్కోదానికి, అంటే 1,320 కిలోలు. పికప్‌కి వర్తించేది మొదటిదే. వీటి మీద 10 పీఆర్ అని కూడా ఉంటుంది. పది పొరలు ఉన్నాయని దీని అర్థం కాదు, పూర్వపు నూలు పొరల లెక్కలో పది పొరలకి సమానమైన బలం ఉందని మాత్రమే.

ఎల్‌టీ టైరు వేయించుకున్నవాళ్లు ఎక్కువగా పొరపడేది గాలి దగ్గర. ఆ 1,450 కిలోలు మోసేది 80 పీఎస్ఐ గాలి ఉన్నప్పుడు. పాత టైరుకి పెట్టినట్టే 35 పెడితే అదే టైరు సామర్థ్యం అందులో సగానికి కాస్త పైన ఆగిపోతుంది. బలమైన టైరు వేశామన్న ధైర్యంతో తొట్టి నింపి, గాలి మాత్రం పాత అలవాటు ప్రకారం ఉంచితే, మామూలు టైరు కన్నా అధ్వానం. అలాగని ఖాళీ బండికి 80 పెడితే బండి ఎగిరెగిరి పడుతుంది, ట్రెడ్ మధ్యలో మాత్రమే అరుగుతుంది. ఎల్‌టీ వేస్తే ఎంత బరువుకి ఎంత గాలి పెట్టాలో చెప్పే పట్టిక ఆ టైరు తయారీదారు దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోవాలి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లలో ఎఫ్-150, టకోమా లాంటి పికప్‌లు నడిపేవాళ్లకి ఈ ఎల్‌టీ తేడా ఇంకా దగ్గరి విషయం. అక్కడ ఒకే సైజు కార్ల టైరని చెప్పే P అక్షరంతోనూ దొరుకుతుంది, LT అక్షరాలతోనూ దొరుకుతుంది. P టైరుని పికప్‌కి వేసినప్పుడు దాని మీద రాసిన సామర్థ్యాన్ని 1.10తో భాగించి చూడాలని అక్కడి నిబంధన. కారు కన్నా ట్రక్కులో టైరు పడే కష్టం ఎక్కువ కాబట్టి. మంచు కురిసే రాష్ట్రాల్లో ఉంటే సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు గుర్తు ఉందో లేదో కూడా చూసుకోవాలి. M+S (బురద, మంచు) అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే చాలదు. అవి ట్రెడ్ ఆకారాన్ని బట్టి ఇచ్చేవి. కొండ గుర్తు మాత్రం మంచు మీద పరీక్షించాకే ఇస్తారు.

గాలి తగ్గితే ఏమవుతుందో చెప్పిన 2000వ సంవత్సరం

2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ దాదాపు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వేసినవి. ఎక్స్‌ప్లోరర్ పుట్టింది ఫోర్డ్ రేంజర్ పికప్ పునాది మీదే. వేసవిలో హైవేల మీద వేగంగా వెళ్తుండగా ట్రెడ్ పట్టీ మొత్తంగా ఊడిపోయి బండ్లు బోల్తా పడ్డాయి. 270 మందికి పైగా చనిపోయారని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చింది. తప్పు టైరుదా బండిదా అని రెండు సంస్థలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకున్నాయి, దాదాపు వందేళ్ల వ్యాపార బంధం తెగిపోయింది. ఆ వాదనలో పదే పదే వచ్చిన అంకెలు రెండు: ఫోర్డ్ పెట్టమన్న గాలి 26 పీఎస్ఐ, ఫైర్‌స్టోన్ ఉండాలన్నది 30.

తేడా నాలుగు పీఎస్ఐ. ఇక్కడ పంక్చర్ షాపులో గేజు తప్పు చూపించినా ఆ తేడా వచ్చేస్తుంది. ఆ టైర్లలో తయారీ లోపాలు కూడా ఉన్నాయి కాబట్టి గాలి ఒక్కటే కారణమనలేం. కానీ గాలి తగ్గడం, బరువు పెరగడం, వేడి, వేగం నాలుగూ కలిసినప్పుడు బలహీనంగా ఉన్న చోట టైరు విడిపోతుందని ఆ సంఘటన లోకానికి చూపించింది. అదే ఏడాది నవంబర్‌లో అమెరికా కొత్త చట్టం చేసింది. 2008 మోడళ్ల నుంచి అక్కడి కొత్త కార్లు, తేలికపాటి ట్రక్కులన్నిటికీ గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి అయ్యింది.

లోపల జరిగేది ఇదీ. టైరు నేలను తాకిన చోట సైడ్‌వాల్ కొంచెం వంగి, పైకి వెళ్లాక మళ్లీ నిటారుగా అవుతుంది. 265/65 R17 టైరు చుట్టుకొలత దాదాపు 2.44 మీటర్లు. గంటకు 80 కి.మీ. వేగంలో అది నిమిషానికి దాదాపు 550 సార్లు తిరుగుతుంది, అంటే సైడ్‌వాల్‌లో ప్రతి చోటూ నిమిషానికి అన్నిసార్లు వంగి లేస్తుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచితే వేడెక్కి తెగినట్టే, రబ్బరు కూడా వంగిన ప్రతిసారీ కాస్త వేడెక్కుతుంది. గాలి తగ్గితే ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. లోపలి ఉక్కు తీగల పట్టీలకీ రబ్బరుకీ మధ్య అతుకు ఆ వేడికి బలహీనపడుతుంది. మే నెలలో రెంటచింతల, రామగుండం వైపు తారు రోడ్డు మీద లోడుతో వెళ్లే బండికి బయటి ఎండ కూడా దానికి తోడవుతుంది. అందుకే గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలక ముందు. మధ్యాహ్నం ప్రయాణం మధ్యలో ఆపి చూస్తే వేడికి పెరిగిన అంకె కనపడుతుంది. ఎక్కువైందనుకుని తీసేస్తే మర్నాటి ఉదయానికి తక్కువైపోతుంది.

నాలుగూ ఒకేలా ఉండాలి

ఈ మాట ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకి మరీ ముఖ్యం, కారణం కూడా తేలికగా అర్థమయ్యేదే. వీ-క్రాస్, హైలక్స్ లాంటి పికప్‌లలో ఉండేది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. నాలుగు చక్రాలూ లాగేలా 4H లోకో, ఇంకా బలం కోసం తక్కువ గేరుండే 4L లోకో మార్చగానే ముందు షాఫ్ట్, వెనక షాఫ్ట్ ఒకదానికొకటి బిగిసిపోయి ఒకే వేగంతో తిరుగుతాయి. మధ్యలో తేడాని సర్దే డిఫరెన్షియల్ ఉండదు.

డబ్బు కలిసొస్తుందని వెనక రెండింటికి మాత్రమే కొత్తవి వేయించారనుకుందాం. కొత్త టైరుకి ట్రెడ్ లోతు 10 మి.మీ., ముందు ఉన్న పాతవాటికి 3 మి.మీ. ఒక్కో వైపు 7 మి.మీ. తేడా, వ్యాసంలో 14 మి.మీ. కొత్త టైరు కిలోమీటరుకి దాదాపు 410 చుట్లు తిరిగితే పాతది దాదాపు 418 చుట్లు తిరగాలి. షాఫ్టులేమో రెండూ సమానంగా తిరగాలంటాయి. ఆ ఏడెనిమిది చుట్ల తేడాని ఎవరో ఒకరు భరించాలి. మట్టిలో, ఇసుకలో అయితే చక్రం కాస్త జారి సర్దేసుకుంటుంది. గట్టి నేల మీద జారే వీలు లేక ఆ బిగువంతా షాఫ్టుల్లో, వాటికి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో పేరుకుంటుంది. 4H నుంచి వెనక చక్రాలే లాగే 2H కి మార్చబోతే లీవర్ కదలదు, లేదా మోడ్ మారకుండా లైటు మినుకుమినుకుమంటూనే ఉంటుంది. కొద్ది దూరం వెనక్కి తీసుకెళ్తే టక్కుమని వదులుతుంది.

పొడి తారు రోడ్డు మీద 4H వాడొద్దని మాన్యువల్ చెప్పేది కూడా ఇందుకే. మలుపులో ముందు చక్రాలు ఎలాగూ వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. దానికి టైర్ల సైజులో తేడా కలిస్తే వేలల్లో ఉండే టైరు ఖర్చు కాస్తా లక్షల్లోకి వెళ్తుంది. నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే రకానివి వేయించడం మంచిది. నాలుగూ సమానంగా అరగాలంటే 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి చోటు మార్చాలి. స్టెప్నీని కూడా ఆ వరుసలో కలిపి ఐదింటినీ తిప్పితే ఇంకా మంచిది. లేకపోతే ఏ అడవి దారిలోనో పంక్చరై, ఎప్పుడూ నేల తాకని స్టెప్నీ వేసి 4L లోకి మార్చినప్పుడు మళ్లీ ఇదే తేడా ఎదురవుతుంది.

పెద్ద సైజు మోజు

వీ-క్రాస్‌లో మొదట వచ్చినవాటికి 245/70 R16, తర్వాతి పై రకాలకి 255/60 R18. 255/60 R18 వ్యాసం 763 మి.మీ. దాని బదులు 285/60 R18 వేస్తే 799 మి.మీ. అవుతుంది. తేడా 36 మి.మీ., అంటే బండి లేచేది అందులో సగం, 18 మి.మీ. మాత్రమే. ఆ 18 మి.మీ. కోసం స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు బండి మునుపటి కన్నా దాదాపు ఐదు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్తుంటుంది. ప్రతి గేరులోనూ లాగే బలం అదే మేరకు తగ్గి ఘాట్ ఎక్కేటప్పుడు బండి బరువుగా లాగుతుంది. పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకుకి ఎక్కువ పని. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుని రాసుకుంటుంది. ఇది చాలదన్నట్టు స్టెప్నీ ఉండే చోట ఆ సైజు పట్టకపోవచ్చు.

చట్టం సంగతి కూడా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కట్టడి చేస్తుంది. ప్రమాదం జరిగి బీమా కోసం వెళ్లినప్పుడు ఈ మార్పు ప్రశ్నగా మారే అవకాశం ఉంది. కంపెనీ అదే మోడల్‌లో ఏదో ఒక రకానికి ఇచ్చిన సైజు వరకు ఆగడం క్షేమం.

ఇంకో ఆచరణాత్మక కారణం కూడా ఉంది. హైలక్స్‌కి వచ్చే 265/65 R17, 265/60 R18 రెండూ ఫార్చూనర్‌కి కూడా వచ్చే సైజులు. 255/60 R18 స్కార్పియో-ఎన్ పై రకాల్లోనూ ఉంది. అంటే నంద్యాలలో అయినా నిర్మల్‌లో అయినా అవసరమైతే ఒక్క టైరు దొరికే అవకాశం ఎక్కువ. అరుదైన సైజుకి మారితే ఒక్క టైరు చీలినా, హైదరాబాద్ నుంచి వచ్చేదాకా బండి పక్కన పెట్టి కూర్చోవాలి.

ఇక ట్రెడ్

హెచ్‌టీ అంటే హైవే టైరు, ఏటీ అంటే అన్ని నేలలకీ, ఎంటీ అంటే బురదకి. ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి ఎక్కువగా హెచ్‌టీలే. ఈ మూడింటికీ ప్రధానమైన తేడా రబ్బరు బ్లాకుల మధ్య వదిలిన ఖాళీ ఎంత అన్నది. ఖాళీ తక్కువైతే రోడ్డుకి తగిలే రబ్బరు ఎక్కువ, కాబట్టి పట్టు, నిశ్శబ్దం, మన్నిక. ఖాళీ ఎక్కువైతే మట్టిని కొరికే శక్తి, మట్టిని బయటికి విసిరే శక్తి.

ఈ తేడా ఎక్కడ నిజంగా పనికొస్తుందో నల్లరేగడి బాగా చెబుతుంది. కర్నూలు, నంద్యాల, పల్నాడు, ఆదిలాబాద్ వైపు వాన పడ్డాక రేగడి చేలో పది అడుగులు వేస్తే చెప్పులు చెరో కిలో బరువెక్కడం పొలం వెళ్లేవాళ్లందరికీ తెలుసు. ఆ నేలలో బంకమట్టి పాలు ఎక్కువ. నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, తడిగా ఉన్నంతసేపూ తాకినదాన్నల్లా పట్టుకుంటుంది. హెచ్‌టీ టైరు అందులోకి దిగితే రెండు మూడు చుట్లలోనే గాడులన్నీ పూడిపోతాయి. ఇక అక్కడ ట్రెడ్ అన్నదే ఉండదు, నున్నగా మట్టి అలికిన పీపా తిరుగుతున్నట్టు ఉంటుంది. ఏటీ టైరు ఇంకొంచెం దూరం వెళ్తుంది, కానీ చిక్కటి రేగడిలో చివరికి అదీ పూడుతుంది. ఎంటీ టైరు గాడులు వెడల్పుగా ఉండటం వల్ల చక్రం కాస్త వేగంగా తిరిగినప్పుడు మట్టి ముద్దలుగా బయటికి ఎగిరిపోతుంది, బ్లాకు అంచు మళ్లీ తేలి నేలని పట్టుకుంటుంది. పెద్ద సైజు వేసినవాళ్లకి ఇక్కడే మరో చిక్కు వస్తుంది. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ తగ్గిపోయి, ఎగిరిన రేగడి అక్కడ పేరుకుని చక్రాన్నే బిగించేస్తుంది.

కాబట్టి రేగడి దారిలో వానాకాలం మూడు నెలలూ రోజూ తిరగక తప్పనివాళ్లకి ఎంటీ న్యాయమైన ఖర్చే. ఏడాదికి పది రోజులు మాత్రమే ఆ దారి పట్టేవాళ్లకి కాదు. మిగతా 355 రోజులూ తడి తారు రోడ్డు మీద పెరిగే బ్రేకింగ్ దూరాన్ని, హోరుని భరించాలి. దమ్ము చేసిన మడిలోకి ట్రాక్టర్ కూడా కేజ్ వీల్స్ తగిలించుకునే దిగుతుంది. అలాంటి చోటికి పికప్‌ని దించాలనుకుంటే ఏ టైరూ ఆదుకోదు.

ఇసుకలో లెక్క తారుమారవుతుంది. సూర్యలంక తీరంలోనో నది ఇసుకలోనో ఎంటీ టైరు గడ్డలు ఇసుకని తవ్వి బండిని కిందికి దింపుతాయి. అక్కడ కావాల్సింది తేలడం. మామూలు హెచ్‌టీ టైరుకే గాలి 18, 20 పీఎస్ఐకి తగ్గిస్తే నేలని తాకే భాగం పొడవుగా సాగి బండి ఇసుక మీద తేలుతూ పోతుంది. తారు రోడ్డు ఎక్కే ముందు గాలి మళ్లీ పట్టించాలి కాబట్టి బండిలో ఒక మంచి ఎయిర్ పంపు ఉండాలి. కొత్త ట్రెడ్‌కి పెట్టే డబ్బులో పదో వంతుతో అది వస్తుంది. చాలామందికి టైరు మార్చడం కన్నా ముందు ఇదే అవసరం.

రాళ్ల దారుల్లో ట్రెడ్ కన్నా సైడ్‌వాల్ ముఖ్యం. బేతంచర్ల, తాండూరు నాపరాయి క్వారీల వైపు దారి పొడవునా పలకల ముక్కలు కత్తుల్లా నిలబడి ఉంటాయి. ట్రెడ్‌లో పడ్డ మేకుకి పంక్చర్ వేయవచ్చు. సైడ్‌వాల్ కోసుకుపోతే ఆ టైరు పని అయిపోయినట్టే, దానికి నమ్మదగ్గ మరమ్మతు లేదు. అటువైపు తిరిగేవాళ్లు సైడ్‌వాల్‌లో అదనపు పొర ఉన్న ఏటీ లేదా ఎల్‌టీ టైరు చూసుకోవాలి. ఎర్ర మట్టి, మొరం దారులకైతే మామూలు ఏటీ చక్కగా సరిపోతుంది.

మిగిలింది ఘాట్ రోడ్లు. అరకు, పాడేరు, లంబసింగి దారుల్లో వాన, పొగమంచు, మలుపులు అన్నీ కలిసి ఉంటాయి. అక్కడ ప్రాణం కాపాడేది తడి తారు మీద పట్టు. ఏటీ తీసుకునేటప్పుడు బ్లాకుల మీద సన్నటి చీలికలు దండిగా ఉన్నాయో లేదో చూడాలి. నీటి పొరని చీల్చి రోడ్డుని పట్టుకునేవి అవే. పైకి మోటుగా కనపడుతూ ఆ చీలికలు లేని ఏటీ టైర్లు కూడా ఉన్నాయి. అవి ఘాట్ దారికి పనికిరావు.

మన రాష్ట్రాల్లో తిరిగే పికప్‌లలో అత్యధిక భాగానికి ఫ్యాక్టరీ సైజులోనే, ఫ్యాక్టరీ లోడ్ ఇండెక్స్‌కి తగ్గని ఏటీ టైరు సరిపోతుంది. దాదాపు తారు రోడ్డు తప్ప ఎరగని బండికి మంచి హెచ్‌టీ చాలు, దానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

షాపులో

విదేశీ టైర్ల గురించి విని అవే కావాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. 2020 జూన్ నుంచి టైర్ల దిగుమతి మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది, ఇప్పుడు లైసెన్సు లేకుండా తేవడానికి లేదు. అందుకే కొన్ని మోడళ్లు దొరకవు, దొరికినవాటిలో కొన్ని ఏళ్ల తరబడి గోదాములో ఉన్నవి కావచ్చు. ఇక్కడి తయారీవాటిలోనే ఎంపిక బాగా పెరిగింది. ఎంఆర్‌ఎఫ్‌కి సదాశివపేటలో, అపోలోకి తిరుపతి జిల్లా చినపాండూరులో కర్మాగారాలు ఉన్నాయి. చినపాండూరు శ్రీసిటీకి దగ్గర్లోనే ఉంది.

టైరు చేతికొచ్చాక ఐఎస్ఐ గుర్తు, తయారీ తేదీ చూడాలి. సైడ్‌వాల్ మీద DOT అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3523 అంటే 2023లో 35వ వారం, అంటే ఆగస్టు చివర. ఒక్కోసారి ఆ అంకెలు టైరుకి ఒక వైపే ఉంటాయి, తిప్పి చూడాలి. నాలుగు టైర్ల తేదీలూ విడివిడిగా చదవాలి, ఎందుకంటే మూడు కొత్తవి పెట్టి నాలుగోది పాత స్టాకు అంటగట్టడం కొత్తేమీ కాదు. ఏడాది లోపువి అడగడం కొనేవాళ్ల హక్కు. పికప్‌ని వారాంతాల్లో మాత్రమే తీసేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. వాళ్ల టైర్లు అరగక ముందే ముసలివైపోతాయి, ట్రెడ్ కొత్తగానే ఉన్నా సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లు వచ్చేస్తాయి. ఐదేళ్లు దాటాక ఏటా పరీక్షించాలి, పదేళ్లు దాటితే ట్రెడ్ ఎంత మిగిలినా తీసేయాలి.

మార్చాల్సిన వేళ ఎప్పుడన్నదానికి గాడుల అడుగున ఉండే చిన్న రబ్బరు గట్లు గుర్తు. ట్రెడ్ వాటితో సమానమైతే లోతు 1.6 మి.మీ. మిగిలినట్టు. తారు రోడ్డుకి అది చివరి హద్దు. మట్టి దారిలో పనిచేయాల్సిన ఏటీ టైరు మాత్రం 4 మి.మీ. దగ్గరికి వచ్చేసరికే హెచ్‌టీ కింద లెక్క. వానలు మొదలయ్యే ముందు మేలోనే కొలిచి చూసుకోవడం మంచిది.

బిగించేటప్పుడు వాల్వులు కొత్తవి వేయించాలి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాలి. నట్లని ఎయిర్ గన్‌తో బిగించి వదిలేస్తారు, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో చేయమని అడగాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూసుకోవాలి. నైట్రోజన్‌కి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది.

అన్నీ అయ్యాక బండి కింద వేలాడే స్టెప్నీని ఒకసారి కిందికి దించి చూడాలి. పికప్‌లలో అది తొట్టి అడుగున గొలుసుతోనో తీగతోనో వేలాడుతుంది, లీవర్ తిప్పి దించాలి. ఏళ్ల తరబడి కదపకపోతే ఆ యంత్రంలో బురద చేరి, తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. చీకట్లో, వానలో, లోడు ఉన్న బండి కింద పడుకుని ఆ సంగతి తెలుసుకునే బదులు, షాపులో లిఫ్టు మీద ఉన్నప్పుడే గ్రీజు పెట్టించి, గాలి చూసి, పైకి ఎక్కించుకుని రావాలి.